తివాచీ కోసిన రోజు

కాస్త చూసి నడపరా నాయనా! గుంట వచ్చినప్పుడల్లా వాడి తల నా మోచేతికి కొట్టుకుంటోంది. ఏంటీ? నిదానంగా వెళ్ళమన్నానా నేను? ఎందుకంటాను! తొందరగానే పో. గుంట తప్పించి తొందరగా పో అంటున్నాను.

ఉంది, ఉంది. ఊపిరుంది. నువ్విటు తిరగకు, రోడ్డు చూడు. నేను చూస్తున్నాగా. ముక్కు కింద వేలు పెట్టే ఉంచాను. ఇదిగో, ఇప్పుడే తగిలింది. వెచ్చగా తగిలింది.

ఆ తర్వాతది ఎంతసేపటికి తగులుతుందో, అదే నా భయం.

యూనస్! ఒరే యూనస్! లే నాన్నా, నాయనమ్మ పిలుస్తోంది. అదిగో ఒంటె! చూడు, ఎంత పెద్ద ఒంటో! వీడికి ఒంటె కనబడితే చాలు, చచ్చేంత... ఛీ, నా నోట్లో మన్ను పడ. ఏం మాటలొస్తున్నాయిరా ఈ నోటికి.

లేవడు. అరికాళ్ళు గిల్లాను. చెవి నులిమాను. ఏడు నెలల బిడ్డ చెవిని గోరు దిగేలా నులిమానురా, మూతి కూడా ముడవలేదు వాడు. సిర్కాలో తడిపిన గుడ్డ ముక్కు దగ్గర పెట్టాను. ఆ పులుపు ఘాటుకి అక్కడ కూర్చున్న నీకు కళ్ళనీళ్ళు కారుతున్నాయి. ఘాటుకేనా? సరే, ఘాటుకే అనుకుందాం. వీడికి మాత్రం రెప్ప కదలదు. పెదాలు చూడు... వద్దులే, చూడకు. నువ్వు రోడ్డు చూడు.

కెర్మాన్ ఆస్పత్రి ఇంకెంత దూరం? ఉప్పునేల దాటాం కదా. ఉప్పునేల దాటితే సగం దూరం అనేవాడు మీ నాన్న. సగమేనా! అయ్యో దేవుడా.

నువ్వు షోకత్‌ని కొట్టకుండా ఉండాల్సింది.

కాదు, చెప్పనీ నన్ను. కట్టుకున్న పెళ్ళాన్ని గుమ్మంలో నిలబెట్టి, పక్కిళ్ళవాళ్ళు గోడల మీంచి తొంగిచూస్తుంటే, ఇద్దరు పిల్లల కళ్ళముందు చెంప వాయగొట్టావు. 'బిడ్డని చంపేశావు కదే' అన్నావు. 'మేం తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో కనబడ్డావో' అన్నావు. గోల్‌పరి హడలిపోయి తల్లి చాదర్ ముసుగులోకి దూరిపోయింది. మూసా నీ కాలికి అడ్డంపడి కరవబోయాడు, చూశావా? రెండున్నరేళ్ళ వెధవ! వాడికున్న పౌరుషం నాకు లేకపోయింది.

ఆ పిల్ల అబద్ధం చెప్పిందా? అడగ్గానే చెప్పేసింది కదరా. 'నల్లమందు పెట్టాను, మధ్యాహ్నం, గింజంత, చిగుళ్ళు వాచి మూడు రోజులుగా ఏడుస్తున్నాడు' అంది. నిజం చెప్పింది కాబట్టి చెంపదెబ్బ తింది. అబద్ధం చెప్పుంటే కాళ్ళు కడిగేవాడివి కాబోలు. మన ఇళ్ళల్లో అబద్ధానికున్న మర్యాద నిజానికి ఎప్పుడుంది!

నేనా? నేనెందుకు మాట్లాడలేదంటావా? నా చేతుల్లో బిడ్డున్నాడు. చెప్పులు వెతుక్కుంటున్నాను. నీ అరుపుల్లో నేనేమన్నా వినబడుతుందా?

బండెక్కుతూ నువ్వు నీలో నువ్వే అనుకున్నావు, 'గింజంతకి ఇంత నిద్రా' అని. నేను వినలేదనుకున్నావా? విన్నాను.

నీకేం తెలుసు చెప్పు పిల్లల సంగతి? పొద్దు పొడవకముందే పిస్తా తోటకి పోతావు, పొద్దుగుంకాక వస్తావు. అప్పటికి ముగ్గురికీ ముఖాలు కడిగి, ముక్కులు తుడిచి, వరసగా పడుకోబెట్టి ఉంచుతుంది షోకత్. నువ్వొచ్చి నుదుళ్ళు ముద్దుపెట్టుకుని, 'ఎంత బుద్ధిమంతులో నా పిల్లలు' అని మురిసిపోతావు. ఒరే ఇస్కందర్, నువ్వు నిద్రపోతున్న పిల్లలకి తండ్రివి. మెలకువగా ఉన్న పిల్లలతో నీకు ముఖపరిచయం కూడా లేదు.

వాళ్ళని చూడాలంటే మగ్గం దగ్గరికి రావాలి. నేను నక్షా కాగితం మీది బొమ్మ చూసి రంగులు పలుకుతుంటాను, షోకత్ ముడులేస్తుంటుంది. 'రెండు ఎరుపు, ఒకటి నీలం, మూడు గడ్డిరంగు' అని నేనంటే, 'వేశాను అత్తా' అంటుంది అది. అది అనేలోపే మగ్గం కింద నుంచి 'వేశాను నాయనమ్మా!' అని ఇంకో గొంతు. గోల్‌పరి! పడుగు పోగుల సందులోంచి ఒక కన్ను కనబడుతుంది, అంతే. నాలుగేళ్ళ పిడుగు. ఒకరోజు నాకు కునుకు పట్టి రంగు తప్పు పలికాను. 'కాదు నాయనమ్మా, అవతలి పక్క ఇక్కడ ఆకు ఉంది' అంది. చూస్తే నిజమే! ఆ ఆకు నాకు కంటికి ఆనడానికి పదేళ్ళు పట్టింది, అదీ వీపు మీద మగ్గం దువ్వెన దెబ్బలు తింటే. దానికి ఆటలో పట్టుబడిపోయింది.

మూసా సంగతి సరేసరి. ఉన్ని కనబడితే నోట్లోకే. మొన్న మూడు రంగులు మింగాడు. మర్నాడు షోకత్ వాడి గుడ్డలు పట్టుకొచ్చి నా ముందు పరిచి, 'అత్తా, ఈ వరస కూడా పలకండి, నేసేస్తాను' అంది. ఇద్దరం మగ్గం బల్ల మీద పడి పడి నవ్వాం. నవ్వి నవ్వి నాకు దగ్గొచ్చింది. దానికి పాలు చేపుకొచ్చి రవిక తడిసిపోయింది. 'ఇంత పొగరుగల కోడల్ని ఎక్కడ తెచ్చానే' అన్నాను. 'మీరు తేలేదు, మీ మగ్గం తెచ్చింది' అంది. అదీ నిజమే. దాని వేళ్ళు చూసే కదా నీకు చేశాను.

వీడా... వీడికింకా మాటల్లేవు. ఉయ్యాల్లో పడుకుని, నేను రంగు పలికినప్పుడల్లా 'ఆఁ' అనేవాడు. నేనాగితే తనూ ఆగేవాడు. మళ్ళీ పలికితే మళ్ళీ 'ఆఁ'. తగవు తీర్చే పెద్దమనిషిలా!

రెండు ఎరుపు. ఒకటి నీలం. యూనస్, రెండు ఎరుపు... అనరా కన్నా. ఒక్కసారి అను.

అనడు.

అలాంటివాడు మూడు రోజులుగా ఒకటే ఏడుపు. కింది చిగురు రేగిపండులా వాచింది. వాడు ఏడిస్తే మూసా ఏడుస్తాడు. మూసా ఏడిస్తే గోల్‌పరి చెవులు మూసుకుని ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెడుతుంది. ఆ గోలలో ఒక్క ముడి తప్పితే వరసంతా విప్పుకోవాలి. షోకత్ మూడు రోజులుగా వీణ్ణి ఒక చేత్తో రొమ్ముకి అదుముకుని, రెండో చేత్తో ముడులేసింది. నువ్వు ఒంటి చేత్తో నీ బూటు తాడు కట్టుకు చూపించు, తర్వాత చెయ్యెత్తుదువుగాని దాని మీద. నిన్న కత్తి చేతిలో ఉండగానే కునికింది. నేను జబ్బ పట్టుకు లాగకపోతే బొటనవేలు తెగి పడేది.

అవతల నాలుగు వేళ్ళ నేత మిగిలింది. రేపు చంద్రుడు కనబడితే మొహర్రం. మగ్గం మీద కొయ్యని తివాచీ ఉండగా మన ఇంట్లోకి ఆ నెల రాకూడదు. వస్తే ఇంట్లోంచి ఒకరు పోతారని మా అత్త చెప్పేది. మా అత్తకి వాళ్ళత్త చెప్పింది. ఒకరు పోకూడదనే కదరా ఇంత తొందర! ఎవరూ పోకూడదనే కదా!

నాకు నవ్వొస్తోంది. ఏడవాల్సిన చోట నవ్వొస్తోంది. పట్టించుకోకు.

నల్లమందా? అది తగలకుండా పెరిగిన నేతపనివాళ్ళ బిడ్డని ఒక్కణ్ణి చూపించు, ఈ బండిలోంచి దూకేస్తా. నీకు పెట్టలేదనుకున్నావా? మీ నాన్నకి పట్టిన గతి చూసి, ఆ పేరే ఇంట్లో వినబడకూడదన్నావు. సబబే. కానీ మీ నాన్న మగ్గం మీద కూర్చున్నాడా? ఆయన కులాసాకి పీల్చి పోయాడు. మేం కూటి కోసం పెట్టాం. రెండూ ఒకటేనా? పేరు కూడా పలికేవాళ్ళం కాదు. 'పిల్లాడికి అది పెట్టావా' అంటే 'అది పెట్టాను'. అంతే. నువ్వివాళ గుమ్మంలో అరిచినట్టు ఆ పేరుని మన ఊళ్ళో ఎవరూ అరవలేదు.

ఏడో ఏట నన్ను కార్ఖానాలో కూర్చోబెట్టారు. నువ్వు పుట్టేనాటికి పదహారుమంది ఆడవాళ్ళం. పసివాళ్ళని గోడవారగా వరసగా పడుకోబెట్టేవాళ్ళం, పొయ్యిలోంచి తీసిన రొట్టెల్లాగా. కిక్కురుమనేవాళ్ళు కాదు. చూసేవాళ్ళకి ఎంత ముచ్చటో! ఒక ఏడాది పదహారుమందిమీ మగ్గాలు ఆపేసి గడపలో కూర్చున్నాం. పూటకి రెండుసార్లు పాలివ్వడానికి లేవనివ్వమని, అంతే, ఇంకేం అడగలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు పని ఆపడమంటే ఏమిటో తెలుసా నీకు? మొగుళ్ళొచ్చి జుట్లు పట్టుకుని ఈడ్చారు. మీ నాన్నా ఈడ్చాడు. మేం లేవలేదు. నాలుగో రోజు యజమాని ఒప్పుకున్నాడు. గెలిచాం! గోరింటాకు పెట్టుకున్నాం ఆ రాత్రి, పెళ్ళికూతుళ్ళలాగా. మర్నాడు యజమాని ఒక్కొక్కళ్ళకీ ఒక పొట్లం పంపించాడు. విప్పితే ఏముంది? అదే. నల్లగా, మెత్తగా. 'పిల్లలు పడుకుంటే మీకే కదమ్మా సుఖం' అని కబురు. పాలకి లేచే హక్కు మాకొచ్చింది. పాలకి ఏడ్చే పిల్లలే లేకపోయారు.

మొన్న ఆరోగ్య కేంద్రం పిల్ల మహీన్ మన వీధిలోకొచ్చి అదే మొత్తుకుంది. 'పెద్దమ్మా, దానికి పసివాళ్ళ ఊపిరి ఆగిపోతుంది' అని. నేనేమన్నానో తెలుసా? 'పెళ్ళి లేదు, పిల్లల్లేరు, నాకు పెంపకం నేర్పొచ్చావా? ముందు ఒకణ్ణి కని రా' అన్నాను. పదిమందిలో అన్నాను. పదిమందీ నవ్వారు. పాపం ఆ పిల్ల కాగితాలు సర్దుకుని, తలొంచుకుని పోయింది.

ఉండు. ఉండు, మాట్లాడకు.

...

వచ్చింది. వచ్చిందిలే. సన్నగా వచ్చింది. తొక్కు నాయనా, ఇంకా తొక్కు.

ఏమిటి ఆపుతున్నావు? గొర్రెలా! ఇప్పుడా గొర్రెలు! హారన్ కొట్టు. జరిగి కూర్చో, నేనరుస్తా. ఓయ్ అబ్బాయ్! నీ మందని తొలగించు! బిడ్డకి బాగాలేదు, ఆస్పత్రికి పోతున్నాం! వినబడిందా? ... ఏమంటున్నాడు వాడు? 'హాయిగా పడుకున్నాడు కదమ్మా, ఎందుకు హడావిడి' అంటాడా! హాయిగానట! నీ ఇల్లు బంగారం గాను, కర్ర ఎత్తరా, తోలు! నల్లదాన్ని ముందు తోలు, మిగతావి దాని వెనకే పోతాయి! ఆఁ. అలా. పో, పో, సందుంది, దూరిపో.

హాయిగా పడుకున్నాడట. ఎన్నిసార్లు అనుకున్నానురా నేనూ ఆ మాట.

ఇస్కందర్. డాక్టర్ అడుగుతాడు. ఏం పెట్టారు, ఎంత పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని. నువ్వేం చెబుతావు?

ఊఁ. అదే చెబుతావు. షోకత్ చెప్పిందే చెబుతావు. మధ్యాహ్నం, గింజంత. ఆయనా దానికి తగ్గ వైద్యమే చేస్తాడు.

అది చాలదు.

బండి ఆపనని ఒట్టెయ్యి. ఏం విన్నా ఆపకూడదు. వాడి మీద ఒట్టెయ్యి... వద్దు, వాడి మీద వద్దు. నా మీద వెయ్యి.

గింజంతకి ఇంత నిద్ర పట్టదు. నువ్వన్నది నిజం. దాని కంటే ముందు, పొద్దున, ఇంకోటి పడింది వాడి కడుపులో. నేను పెట్టాను.

షోకత్ గుడ్డలు ఉతకడానికి కాలువకి వెళ్ళింది. వీడు గుక్కపట్టాడు. ముఖం నల్లబడేదాకా గుక్కపట్టాడు. నా మోకాళ్ళ నొప్పులకి దాచుకున్న డబ్బా ఉంది. అయిపోయిందని నీకు చెప్పాను చూడు, ఆ డబ్బాయే. టీ చుక్కలో అరగదీసి చిగుళ్ళకి రాశాను. నా చెయ్యి కార్ఖానా చెయ్యిరా. షోకత్ గింజకి నా గింజ రెండింతలుంటుంది.

ఆపకు! ఇంకా ఉంది, విను.

ఇద్దరు ఆడవాళ్ళున్న ఇంట్లో ఇలా జరక్కుండా మాకో ఆనవాలుంది. పెట్టినవాళ్ళు ఉయ్యాల తాడుకి ఒక ఉన్నిపోగు కడతారు. బిడ్డ లేచాక విప్పుతారు. పోగుంటే పెట్టినట్టు, లేకపోతే లేనట్టు. నోటితో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నేను కట్టాను. ఎర్రపోగు, జానెడు. రెండు ముళ్ళేసి మరీ కట్టాను. షోకత్ వచ్చి గుడ్డలారేసి, సరాసరి మగ్గం మీద కూర్చుంది. ఉయ్యాల దగ్గరికి రాలేదు. చప్పుడుకి లేస్తాడేమోనని మునివేళ్ళ మీద నడిచింది, పిచ్చిది.

మధ్యాహ్నానికి ఆఖరి వరసకొచ్చాం. అంచులో పువ్వు. ఎరుపు అయిపోయింది. ఎంతకి తక్కువొచ్చిందనుకున్నావు? మూడు ముడులకి! మూడంటే మూడు! రంగులేసేవాడి ఇంటికి పోయి రావాలంటే పొద్దుగూకుతుంది. వేరే ఎరుపు వేస్తే గుడ్డివాడికైనా కనబడుతుంది. షోకత్ చెయ్యి గాల్లో చాపి ఉంచింది, కళ్ళు పోగుల మీంచి తిప్పకుండా. 'ఎరుపు, అత్తా. అత్తా, ఎరుపు.'

నేను లేచి వెళ్ళి ఉయ్యాల తాడుకున్న పోగు విప్పాను.

ఇంకోటి కడదాంలే అనుకున్నాను. ఏ రంగైతేనేం? నీలం ఉంది, గడ్డిరంగు ఉంది, బుట్టల నిండా ఉంది ఉన్ని. కడదాంలే అనుకున్నాను. అది చేతిలో పెడితే ఎక్కడిదీ అని కూడా అడగలేదు షోకత్. మూడు ముడులూ వేసేసింది. అంతలో కత్తి తీసింది, గోల్‌పరి చప్పట్లు, మూసా గెంతులు! ఏడాదిన్నర పనిరా. కోసి దింపి నేల మీద పరిస్తే, ఇల్లంతా తోటలా అయిపోయింది. పిల్లలిద్దరూ దాని మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా పొర్లారు. నాకు ఒళ్ళు తెలియలేదు. ఖర్జూరాలు పళ్ళెంలో పోసుకుని వీధిలో పంచడానికి పోయాను. నలుగురూ 'ఏం చేతులమ్మా నీ కోడలివి, ఏం కళ్ళమ్మా నీవి' అంటుంటే కూర్చున్నాను. టీ తాగాను. ఇంకో టీ తాగాను.

ఆ వేళకి వీడు నిద్రలో మూలిగాడట. ఇంకా తివాచీ మీద ఉన్ని కొసలు కత్తిరించాలి. ఇప్పుడు లేచి మొదలెడితే ఎలాగని షోకత్ వెళ్ళి తాడు చూసింది. పోగు లేదు. పోగు లేకపోతే పెట్టలేదని అర్థం. దానికి ఆ పాఠం నేర్పింది నేనే. పెట్టింది. తప్పెవరిది? చెప్పు, ఎవరిది?

ఎందుకాపావు? ఒట్టేశావు కదరా! ఒరే! ఎక్కడికి దిగుతున్నావు? ఇస్కందర్!

రాయి తీస్తున్నావా? నా కోసమేనా? సరే, దాన్ని బండిలో వేసుకో. కెర్మాన్‌లో కొట్టు. ఆస్పత్రి గోడకేసి కొట్టు నా తల. నేను కదిలితే అడుగు. ముందు బండెక్కు! నాకు నడపడం వస్తే నిన్నిక్కడే దిగబెట్టి పోయేదాన్ని!

ఇస్కందర్! వాడి గోళ్ళు నీలమయ్యాయిరా!

ఆఁ. ఎక్కు. తలుపు తర్వాత వేసుకుందువుగాని. పోనియ్యి. పోనియ్యి.

తిట్టు. తిట్టవా? పోనీలే, రోడ్డు చూడు.

గుమ్మంలో నువ్వు దాన్ని కొట్టినప్పుడు చెప్పులు వెతుక్కుంటున్నానన్నాను కదూ. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. వంగి, నేల చూస్తూ నిలబడ్డానంతే. తలెత్తేసరికి షోకత్ నా వంక చూస్తోంది. అప్పుడు తట్టింది దానికి, ఆ ఎరుపు ఎక్కడిదో. చెంప మీద నీ అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి, కళ్ళు మాత్రం నా మీద. 'అత్తని అడగండి' అనలేదు. ఎందుకనలేదో నాకు తెలుసు. అంటే నువ్వు నన్నడుగుతావు. నేను కాదంటాను. కాదనేదాన్నే, దాచడమెందుకు. మనం ముగ్గురం వాదించుకునేలోపు వీడికి నూరేళ్ళూ నిండిపోతాయి. అది బండి కదలాలని చూసింది. నేను నా పరువు చూసుకున్నాను.

బండి కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని పరుగెత్తింది, గుర్తుందా? 'అత్తా, డాక్టర్‌కి మీరు చెప్పండి, మీరే చెప్పండి' అంది. నువ్వది మామూలు మాటనుకున్నావు. నీ విసురుకి దాని చెయ్యి కిటికీకి కొట్టుకుంది.

అదుగో నీళ్ళ ట్యాంకు. వచ్చేశాం. హారన్ మీంచి చెయ్యి తియ్యకు. కూడలిలో ఆగకు. పోలీసు ఈలేస్తే వెయ్యనీ, మన వెనకే వస్తాడు, రానీ.

విను. దిగ్గానే బిడ్డని నువ్వెత్తుకుని పరుగెత్తు, నా కాళ్ళు పరుగెత్తవు. కానీ నోరు తెరవకు. చెప్పేది నేను. నీ వెనకే పాక్కుంటూనైనా వస్తా. పేరు పెట్టి చెబుతా. 'నల్లమందు. రెండుసార్లు. పొద్దున నేను, పెద్ద మోతాదు. మధ్యాహ్నం నా కోడలు, తెలియక. తెలియకపోవడానికి కారణం నేను.' చూశావా, ఎంత పొట్టి మాటలో! ఇది నోట్లోంచి రావడానికి నాకు సగం ఎడారి పట్టింది.

ఆస్పత్రివాళ్ళు పోలీసులకి రాసిస్తారట. రాయనీ. వేలిముద్ర అడుగుతారు. ముడులేసి ముడులేసి ఈ వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. అచ్చు పడుతుందో లేదో, అది వాళ్ళ తిప్పలు.

గట్టిగా తగిలిందిరా ఇప్పుడు! ఊపిరి! గతుకుకి ఊగి తగిలిందా, నిజంగానేనా? ... నిజమే. నిజమే. ఉంది.

ఇదే గేటు కదూ. లోపలికి పోనీ, మెట్లదాకా పోనీ. ఈలోగా ఒక్క మాట, ఇదీ వినేసెయ్. వాళ్ళు ఇంకో ప్రశ్న కూడా అడుగుతారు. మహీన్ తన కాగితాల మీద రాసుకుంటూ ఇంటింటా అడిగింది, వీళ్ళూ అడక్కుండా వదలరు. 'ఇంతకుముందు మీ ఇంట్లో పసిబిడ్డ ఎవరైనా ఇలాగే నిద్రలో పోయారా?' అని. మహీన్‌కి లేదని చెప్పాను. ఆ బిడ్డ ఏదో జబ్బుతో పోయిందనే నీకూ చెప్పుకొచ్చాను.

రెండు నిజాలు చెప్పిన నోటితో మూడోది అబద్ధం చెప్పలేను. ఆ ప్రశ్న వచ్చేవేళకి నువ్వక్కడ ఉండకు నాయనా. బండిలో దుప్పటి మరిచిపోయామని చెప్పి బయటికి వచ్చెయ్యి. ఇదిగో, సీటు మీద వదిలేస్తున్నాను దుప్పటి.

తల కింద చెయ్యి పెట్టు. పద.